చదరంగమున తొలి పాఠము

మన తెలుగువారు చదరంగము ఆడినను ఆడకున్నను చదరంగపు మాటలు మాత్రము ఆడుచునే యుందురు. ఒకడు ఎత్తు వేసెననియు, రెండవవాడు పై ఎత్తు వేసెననియు అందురు. ఎవని ప్రయత్నమైనను చెడినచో వాని ఆట కట్టినదందురు. ఒకడు తన పనికై మరియొకని వాడుకొన్నచో వానిని పావుగా చేసికొనెనందురు. బల్ల ముందు ఎన్నడును కూర్చుండని వృద్ధులు సహితము ఈ పలుకుబళ్ళ నెరుగుదురు. మాటలు ఇంత సులభముగ నోటికి వచ్చినను, ఆట మాత్రము కొత్తగా నేర్చువానికి అంత సులభముగ చేతికి రాదు. మొదటి దినముననే వానికి కొన్ని సందేహములు కలుగును. రాజుకంటె మంత్రికి అంత బలమేల? బంటు మొదటిమారు మాత్రమే రెండు గళ్ళు పోవుటేల? శకటు ఎప్పుడును మూలమూలలకే నడచుటేల? రాజును ఏనుగును ఒకే ఎత్తులో కదపి కోట కట్టుటేల? నేర్పువాడు సాధారణముగ చెప్పు సమాధాన మొక్కటే: అది నియమము.

ఈ సమాధానముతో ఆట సాగును గాని సందేహము తీరదు. నిజమునకు రాజు, గుర్రము, మూలనుండు ఏనుగు - ఈ మూటి నడకలను విడిచినచో, నేడు మనము నేర్చు నియమములలో పూర్వమునుండి మారక వచ్చినవి మిక్కిలి తక్కువ. ఒక్కొక్క నియమము ఒక్కొక్క కాలమున, ఒక్కొక్క దేశమున పుట్టినది. అది పుట్టినపుడెల్ల, అంతకుముందే ఆట నేర్చి ఆరితేరినవారు సైతము మరల కొత్తవారై దానిని నేర్చుకొనవలసి వచ్చినది. చదరంగ చరిత్రను విజేతల చరిత్రగా చెప్పుట వాడుక. దానిని నేర్చుకొన్నవారి చరిత్రగా చూచినచో, పైనచెప్పిన బాలుని సందేహములకు ఒక్కొక్కదానికి సమాధానము దొరకును.

చతురంగ మను సంస్కృత పదమే మన నోట చదరంగమైనది. రథ గజ తురగ పదాతులను నాలుగంగములు గల సేనకు చతురంగబలమని పేరు. ఎనిమిది వరుసలు, 64 గళ్ళు గల బల్లకు అష్టాపదమని పేరు. ఆ బల్ల ఈ ఆటకంటె పాతది. 7వ శతాబ్దిలో హర్షచక్రవర్తి ఆస్థానమున నుండిన బాణభట్టు హర్షచరితమున ఈ రెండు పదములను కలిపి ఒక శ్లేష చేసెను. ఆ రాజు పాలనలో చతురంగకల్పన యన్నది అష్టాపదముపైన మాత్రమే జరిగెడిదని దాని తాత్పర్యము. చతురంగకల్పన యనగా సేనను తీర్చుట. కాలుసేతులు నాలుగింటిని ఖండించు శిక్ష యనియు అర్థము కలదు. శ్లేష పండవలెనన్న వినువారికి రెండర్థములును ముందే తెలిసియుండవలెను గదా! కావున బాణుని నాటికే ఈ ఆట చదువరులకు పరిచితమై యుండెనని మనము గ్రహింపవచ్చును.

అయినను ఆ ఆట నేటి ఆట కాదు. ఒక్క తీరునను లేదు. 1030 ప్రాంతమున మన దేశమును గూర్చి గ్రంథము వ్రాసిన అల్ బెరూనీ, నలుగురు కూర్చుండి పాచికలు వేసి ఆడు చదరంగమును వర్ణించెను. అందు ఏనుగు ముందుకు ఒక గడియు, నాలుగు మూలలకు ఒక్కొక్క గడియు పోవునట. ఈ అయిదు దిక్కులను ఆయన ఏనుగు తొండముతోను నాలుగు కాళ్ళతోను పోల్చెను. నేర్చుకొనువానికి ఇంతకంటె సులభముగ గుర్తుండు పోలిక లేదు. ఒక శతాబ్దము గడచిన తరువాత, తెలంగాణమును కూడ ఏలిన కళ్యాణి చాళుక్యుల వంశమున మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను గ్రంథమున రాజవినోదములను వివరించుచు చదరంగమునకు చోటిచ్చెను. పాకము, సంగీతము, మృగయావినోదములతో పాటు రాజకుమారుడు ఎరుగదగిన విద్యలలో ఇదియు నొకటిగ నుండెనన్నమాట.

మారక నిలిచిన నడకలలో గుర్రపు నడక మిక్కిలి విచిత్రమైనది. నేడును కొత్తవానిని అన్నింటికంటె ఎక్కువ తికమక పెట్టునది అదియే. మన పూర్వులు దీనిని బల్లపై మాత్రమే గాక కవిత్వమునను అభ్యసించిరి. 9వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు కావ్యాలంకారమున తురగపదబంధమునకు ఉదాహరణ మిచ్చెను. శ్లోకమును అక్షరమునకొక గడి చొప్పున నాలుగు వరుసలుగ వ్రాసి, వరుసగా చదివినను, గుర్రము దూకిన క్రమమున చదివినను అదే శ్లోకము వచ్చును. గుర్రము ఒక గడిని విడువక, ఒక గడిని రెండవమారు త్రొక్కక, బల్లయంతయు తిరుగుటను నేర్పు అభ్యాసమిది. బంధకవిత్వమును వినోదముగ ఎంచు మన శ్రోతలు, ఒక గుర్రమును తీసికొని ఖాళీ బల్లపై దీనిని ప్రయత్నించి చూడవచ్చును. గుర్రమును లొంగదీసికొనుటకు దీనికి మించిన సాధన లేదు.

మన దేశమునుండి ఆట పడమరకు పోయెను. పారసీకులు దానిని చత్రంగ్ అనిరి. అరబ్బులు షత్రంజ్ అనిరి. ఫిర్దౌసి మహాకవి 1010లో ముగించిన షానామాలో ఇందులకు చక్కని కథ కలదు. హిందూదేశపు రాజు పారసీక చక్రవర్తి నౌషీర్వానునకు బల్లను, పావులను కానుకగ పంపెనట. ఆట మాత్రము చెప్పిపంపలేదు. మీ పండితులు తమ బుద్ధిచేత ప్రతి పావుయొక్క పేరు, స్థానము, నడక కనుగొన్నచో మేము కప్పము కట్టెదము. కనుగొనలేనిచో మీరు కట్టవలెనని పందెము. మంత్రి బుజుర్జ్‌మిహర్ ఒక పగలు, ఒక రాత్రి ఏకాంతమున కూర్చుండి అంతయు కనిపెట్టెనట. ఇది కథయే గాని చరిత్ర కాదు. గురువు లేకయే ఆట నేర్చిన శిష్యుడు ప్రపంచమున ఇతడొక్కడే, అదియు కావ్యములో. తక్కిన వారమందరము మనిషినుండియే నేర్చినాము. అందుచేతనే నేర్పువాని వాడుక ఏదో నేర్చువాని నియమము అదియే అయినది.

అరబ్బుల కాలమునాటి ఆటలో మంత్రి మూలకు ఒక్క గడి మాత్రమే కదలును. నేటి శకటు ఉండుచోట నుండిన ఏనుగు మూలకు దూకి, నడుమ గడిని దాటి, మూడవ గడిలో వ్రాలును. బంటునకు ఎప్పుడును ఒక్క గడియే. ఇట్టి బలములతో ఇరుసేనలు ఒకదానినొకటి తాకుటకే పది పదిహేను ఎత్తులు పట్టును. అందుచే ఆటగాండ్రు తబియా అను సిద్ధవ్యూహములను కంఠపాఠము చేసి, సేనను తీర్చిన పిదపనే యుద్ధము ప్రారంభించెడివారు. 9, 10 శతాబ్దులలో బాగ్దాదునగరమున అల్ అద్లీ, అస్ సూలీ అను నిపుణులు ఈ వ్యూహములను, మన్సూబాలను ఆటముగింపు సమస్యలను గ్రంథములలో కూర్చిరి. గెలుచుటకు మార్గములును ఎక్కువే. రాజును పట్టుకొనుట ఒకటి. ఎదిరి సేన నంతయు చంపి రాజును ఒంటరిని చేయుట రెండవది. ఎదిరికి కదలుటకు ఎత్తే లేకుండ చేయుట మూడవది. షా యనగా రాజు. షామాట్ అనగా రాజు నిస్సహాయుడయ్యెనని అర్థము. మన దేశపు పాత ఆటగాండ్రు రాజును బెదరించునపుడు షా అనుట, ఆట పోయినదారినే ఈ మాట తిరిగివచ్చుటచేత కలిగినది.

అరబ్బులనుండి స్పెయిన్, ఇటలీల మీదుగ ఆట ఐరోపా చేరెను. అక్కడ మొదట మారినవి పేర్లు. 1000 ప్రాంతపు ఒక లాటిన్ పద్యముననే మంత్రికి బదులు రాణి కనిపించుచున్నది. ఏనుగును చూడని దేశములలో దాని రెండు దంతములు ఇంగ్లీషువారికి మతగురువు కిరీటమువలె తోచెను. ఫ్రెంచివారికి విదూషకుని టోపీవలె తోచెను. రష్యావారు మాత్రము నేటికిని ఆ పావును ఏనుగనియే పిలుతురు. రాణిని పారసీక పదమైన ఫెర్జ్ అనియే పిలుతురు. మన తెలుగున మరియొక చిత్రము జరిగినది. ఏనుగు మూలకు జరిగినది. దాని పక్కన శకటు, అనగా బండి, వచ్చి నిలిచినది. కొందరు దానినే ఒంటె యందురు. ఒకే పావు ఒకచోట గురువు, ఒకచోట విదూషకుడు, ఒకచోట బండి, ఒకచోట ఒంటె. కొత్తవానికి పేరు ఆధారము కాదు, నడకయే ఆధారము.

పేరు మారినను రాణి అయిదు వందల సంవత్సరములు మంత్రివలెనే ఒక్క గడి నడచెను. ఆట మందముగ నున్నదన్న అసంతృప్తి మాత్రము పెరుగుచుండెను. బంటునకు మొదటి ఎత్తున రెండు గళ్ళు పోవు అనుమతి దొరకినది ఇందువలననే. స్పెయిన్ రాజు పదవ అల్ఫాన్సో 1283లో ముగింపించిన క్రీడాగ్రంథమున ఈ వాడుక కలదు. బాలుని సందేహములలో ఒకటి ఇక్కడ తీరినది: బంటు మొదటిమారు రెండు గళ్ళు పోవుట యుద్ధనీతి కాదు, విసుగునకు కనుగొన్న మందు.

అసలు మార్పు 1475 ప్రాంతమున స్పెయిన్ దేశపు వలెన్సియా నగరమున కనిపించును. అక్కడ ముగ్గురు కవులు కలిసి ఒక చదరంగపు ఆటను ప్రేమకథగ మలచి కావ్యము వ్రాసిరి. అందు రాణి నలుదిక్కులకును, నాలుగు మూలలకును, దారి ఖాళీగ నున్నంత దూరము పోవుచున్నది. శకటునకు కూడ మూలదారి చివరివరకు తెరచినారు. కొత్త నియమములతో జరిగిన ఆటలలో మనకు తెలిసినంతలో ఇదియే మొదటిది. పిదప 1497లో సాలమాంకా నగరమున లుసేనా అను యువకుడు ప్రకటించిన గ్రంథము కొత్తగా నేర్చువారికొరకు వ్రాసినది. అందలి 150 సమస్యలలో కొన్ని పాత ఆటకు, కొన్ని కొత్త ఆటకు చెందినవి. ఏది దేనికి చెందునో ఆయన విడివిడిగ సూచించెను. ఒకే పుస్తకమున రెండాటలు! తండ్రి నేర్చిన ఆట ఒకటి, కొడుకు నేర్చు ఆట మరియొకటి అయిన కాలమది. 1512లో రోమునగరమున దమియానో పుస్తకము వెలువడునాటికి కొత్త ఆటదే పైచేయి యయ్యెను.

ఈ మార్పువలన కొత్తవానికి ఒక కొత్త కష్టము కూడ సంప్రాప్తించెను. పాత ఆటలో ఎంతటి తెలివితక్కువవాడైనను నాలుగైదు ఎత్తులలో ఓడిపోవుట అరుదు. అన్నింటికంటె బలమైన పావులు మూలలనుండి బయటికి వచ్చుటకే కాలము పట్టును. కొత్త ఆటలోనో, ఎదిరి రాణియు శకటును కూడి నాలుగవ ఎత్తుననే రాజును పట్టవచ్చును. తన తప్పు తోడైనచో రెండవ ఎత్తుననే ఆట కట్టవచ్చును. నేడు మన ఇండ్లలో నేర్చు పిల్లవాడు మొదటి వారమున తప్పక అనుభవించు ఈ పరాభవము 1475కు ముందు పిల్లవానికి అరుదుగనే కలిగెడిది. రాజును త్వరగా దాచవలెనన్న అవసరము కూడ ఇందుచేతనే తీవ్రమైనది. పూర్వము రాజునకు ఒకమారు దూకుటకు ఉండిన అనుమతి క్రమముగ కోట కట్టు పద్ధతిగ స్థిరపడినది. బాలుని కడపటి సందేహము కూడ దీనితో తీరినది.

అయినను నియమము ఒకచోట మారినంతమాత్రమున అంతట మారదు. ఇటలీలో కోట కట్టు పద్ధతి 19వ శతాబ్ది ఉత్తరార్ధమువరకు వేరుగనే యుండెను. ఇంగ్లండులో 17, 18 శతాబ్దులందు, కదలుటకు ఎత్తు లేక నిలిచిపోయినవాడే గెలిచినట్లు లెక్క. నేడు అది సరిసమానము. ప్రపంచ చదరంగ సమాఖ్య 1924లో పారిస్ నగరమున ఏర్పడిన తరువాతనే అన్ని దేశములకు ఒకే నియమావళి యన్న ఆదర్శము బలపడెను. అందాక ఊరు మారినచో కొత్తవాడు కావలసినదే.

ఇంతకాలము మన దేశమున జరిగినదేమి? మన ఇండ్లలోని ఆట తన దారిన తాను నడచుచుండెను. రాణికి వచ్చిన బలము ఏనాటికో మన మంత్రికిని వచ్చెను గాని తక్కిన వాడుకలు వేరు. పాత బల్లలకు, గుడ్డలకు నలుపు తెలుపు గళ్ళు లేవు, గీతలు మాత్రమే. అందుచే తెల్లగడి కుడిచేతి మూలన ఉండవలెనన్న పాఠము లేదు. రాజునకు ఎదురుగ రాజు నిలువడు. ఎదిరి మంత్రి నిలుచును. బంటునకు సామాన్యముగ ఒక్క గడియే నడక. కోట కట్టుట లేదు. దానికి బదులు రాజు ఒకమారు గుర్రమువలె దూకవచ్చును, అంతకుముందు షా తగిలియుండరాదు. కడపటి వరుస చేరిన బంటు తన ఇష్టము వచ్చిన పావు కాజాలదు. గుర్రపు వరుసలో చేరినచో గుర్రమగును, ఏనుగు వరుసలో చేరినచో ఏనుగగును. కొన్నిచోట్ల ఆరంభమున ఇరువురును నడిమి గీత దాటకుండ వరుసగా కొన్ని ఎత్తులు ఒకేసారి వేసికొని సేనను తీర్చుకొనెడివారు. అరబ్బుల తబియావలెనే ఇదియు వ్యూహమునకు ప్రాధాన్యమిచ్చు ఆట.

ఐరోపావారి రాకతో మన ఆటగాండ్రకు రెండవ పాఠము మొదలయ్యెను. 1814లో బొంబాయిలో ఒక ఇంగ్లీషు చదరంగ గ్రంథము అచ్చయ్యెను. దానికి మూలము సంస్కృతమున వ్రాసిన విలాసమణిమంజరి; రచయిత తిరువేంగడాచార్య శాస్త్రి. నేర్చువారి నేర్పును పెంచుటకై సమస్యలను కూర్చి, ఐరోపావారి ఆటకు అనువుగ దిద్దిన గ్రంథమది. ఒక పండితుడు తన విద్యను పరుల నియమములలోనికి తానే అనువదించుకొన్న తొలి సందర్భములలో ఇది యొకటి. 1828-29లో మద్రాసు, హైదరాబాదు నగరముల మధ్య ఉత్తరములద్వారా చదరంగపు పోటీ జరిగెను. మద్రాసు పక్షమున ఎత్తులు ఆలోచించిన గులాం కాసిం, జేమ్స్ కాక్రేన్ అను దొరతో కలిసి 1829లో ఒక ఆరంభపద్ధతిని గూర్చి పుస్తకము ప్రకటించెను.

బంగాళమున మరియొక విశేషము జరిగెను. కలకత్తాలో న్యాయవాదియైన జాన్ కాక్రేన్ ఐరోపాలో పేరొందిన ఆటగాడు. అతనికి పల్లెటూరినుండి వచ్చిన మహేశచంద్ర బందోపాధ్యాయుడు ఎదిరిగ దొరకెను. 1850 తరువాతి దశాబ్దమున ఇరువురును వందలకొలది ఆటలు ఆడిరి. మహేశచంద్రుడు కొత్త నియమములను నేర్చెను గాని పాత అలవాటును విడువలేదు. బంటును ఒక్క గడియే జరపి, శకటును మూలదారిలో నిలిపి, నడిమి గళ్ళను ఎదిరికి వదలి, తరువాత వానిపై దాడి చేసెడివాడు. ఆ నాటి ఐరోపా పండితుల దృష్టిలో అది కొత్తవాని ఆట. 1920 ప్రాంతమున ఐరోపాలోని నవ్యులు ఆ పద్ధతినే స్వీకరించిరి. నేడు ప్రపంచమంతట ఇండియన్ డిఫెన్స్ అని నేర్పబడు ఆరంభములకు ఆ పేరు వచ్చినది ఈ ఆటలవలననే. మన ఇంటి బంటునకు రెండు గళ్ళ అనుమతి లేకపోవుటయే ఒక శాస్త్రమునకు బీజమైనది.

ఇట్లు రెండు నియమములు ఎదురుపడిన ఘట్టమును సత్యజిత్ రాయ్ 1977లో తీసిన షత్రంజ్ కే ఖిలాడీ చిత్రమున చూడవచ్చును. ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసిన కథ దానికి ఆధారము. 1856లో ఇంగ్లీషువారు అవధ్ రాజ్యమును కలుపుకొనుచుండగ ఇద్దరు జాగీర్దారులు ఆటలో మునిగియుందురు. చిత్రమున ఒక మున్షీ వారికి ఇంగ్లీషు పద్ధతిని వివరించును: అక్కడ మంత్రి లేడు, రాణి కలదు, బంటు మొదట రెండు గళ్ళు పోవును, ఆట త్వరగా ముగియును. చివరి ఘట్టమున ఇరువురును పావులను ఆ పద్ధతిన తీర్చుకొందురు. నియమము మారుట ఒక్కొక్కప్పుడు రాజ్యము మారుటకు గుర్తుగ నుండునని దర్శకుడు ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు, చెప్పనక్కరయు లేదు.

ఈ చరిత్ర యంతయు ఒక మనిషి జీవితమున మూర్తీభవించినది. అతడు పంజాబులోని మిఠా తివానా గ్రామమున పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్. తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రివద్ద దేశీయ పద్ధతిలో ఆట నేర్చి, యౌవనమున పంజాబులో సాటిలేనివాడని పేరొందెను. సర్ ఉమర్ హయత్ ఖాన్ అను జమీందారు అతనిని ఆదరించి ఐరోపా నియమములను నేర్పించెను. ఇరువది యేండ్లు దాటిన ప్రాయమున, ఓటమి యెరుగని ఆటగాడు బంటు నడకను, కోట కట్టుటను మొదటినుండి నేర్చుకొనెను. 1928లో అఖిల భారత పోటీ గెలిచెను. 1929లో ఇంగ్లండు చేరి, అక్కడ అభ్యాసమునకై ఏర్పరచిన చిన్న పోటీలో అడుగున నిలిచెను. ఆరంభపు ఎత్తుల శాస్త్రము అతనికి తెలియదు. విలియం వింటర్, యేట్స్ అను ఆటగాండ్రు అతనికి శిక్షణ నిచ్చిరి. ఆ వేసవిలోనే రాంస్‌గేట్ నగరమున అతడు బ్రిటిష్ చాంపియన్ అయ్యెను. 1932, 1933 సంవత్సరములలో ఆ పదవిని మరల గెలిచెను. 1930-31లో హేస్టింగ్స్ పోటీలో, అంతకుముందు ప్రపంచ చాంపియన్‌గ నుండిన కాపాబ్లాంకాను ఓడించెను. ఆరంభమున వెనుకబడినను, పావులు తగ్గి బల్ల ఖాళీయైన కొలది అతని బలము పెరిగెడిది. చిన్ననాట నేర్చిన ఓర్పు అక్కడ అక్కరకు వచ్చినది. అదే జమీందారు పరివారమునకు చెందిన ఫాతిమా అను యువతి 1933లో బ్రిటిష్ మహిళల పోటీ గెలిచెను. ఆ సంవత్సరాంతమున సుల్తాన్ ఖాన్ స్వదేశమునకు మరలెను. అతడు 1966లో పాకిస్తానున మరణించెను. ప్రపంచ సమాఖ్య 2024లో అతనికి గౌరవ గ్రాండ్ మాస్టర్ బిరుదము నిచ్చెను.

ఒకే నియమావళి వచ్చుటవలన మనకు కలిగిన లాభము చిన్నది కాదు. 1961లో మాన్యువల్ ఆరన్ భారతీయులలో మొదటి అంతర్జాతీయ మాస్టర్ అయ్యెను. 1988లో విశ్వనాథన్ ఆనంద్ మొదటి గ్రాండ్ మాస్టర్ అయ్యెను; ఆయనకు తొలి పాఠములు చెప్పినది తల్లి. తెలుగువారిలో గుంటూరు బిడ్డ పెంటేల హరికృష్ణ 2001లో ఆ బిరుదమందెను. గుడివాడలో పుట్టి, తండ్రివద్ద ఆట నేర్చిన కోనేరు హంపి 2002లో 15 ఏండ్ల ప్రాయమున గ్రాండ్ మాస్టర్ అయి, 2019, 2024 సంవత్సరములలో ప్రపంచ ర్యాపిడ్ పోటీలను గెలిచెను. చెన్నైలోని తెలుగు కుటుంబమున పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో 18 ఏండ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యెను. ఊరికొక నియమముగ ఆడుచుండినచో ఈ బిడ్డలు ప్రపంచమును ఎదుర్కొనుట జరిగెడిది కాదు.

నష్టమును కూడ లెక్కింపవలెను. ఇంట తాతగారు రాజును గుర్రమువలె ఒకమారు దూకించినపుడు, పుస్తకము చదివి నేర్చిన మనుమడు అది తప్పని వారించును. అది తప్పు కాదు. అది పాత పాఠము. తాతగారు ఆడునది ఏ నియమములో, వానిని ఆయన ఎవరివద్ద నేర్చిరో అడిగి వ్రాసి ఉంచుట మంచిది. సుల్తాన్ ఖాన్ తండ్రి నేర్పిన ఆట యే అతనిని కాపాబ్లాంకా యెదుట కూర్చుండబెట్టినది. మన ఇండ్లలో ఆ ఆట తెలిసినవారు ఏటేట తగ్గిపోవుచున్నారు.

ఇక ఈ దినమే బల్ల కొనితెచ్చినవారికి ఒక మాట. కాపాబ్లాంకా 1921లో ప్రకటించిన పుస్తకమున పాఠము లెక్కకు మిక్కిలి ఎత్తులతో మొదలు కాదు. రాజు, ఏనుగు మాత్రమే కలిసి ఒంటరి రాజును పట్టుటతో మొదలగును. నేర్పువారు ఈ క్రమమును పాటించుట మేలు. మొదట 32 పావులను పేర్చి పిల్లవానిని భయపెట్టనక్కరలేదు. ఒకనాడు బంట్లతో మాత్రమే ఆడింపుడు. ఏ బంటు ముందు కడపటి వరుస చేరునో చూడుడు. మరునాడు గుర్రమును చేర్పుడు. ఫిలిడోర్ 1749లో వ్రాసిన గ్రంథమున ఆటయొక్క జయాపజయములు బంట్ల నడకపైననే ఆధారపడునని బోధించెను; చిన్న బలముతో మొదలిడినవానికి ఆ సత్యము తానై తెలియును. నాలుగెత్తులలో ఓడినచో పిల్లవాడు చిన్నబుచ్చుకొనవచ్చును. అప్పుడు వానికి అయిదు శతాబ్దుల క్రిందట రాణికి బలము వచ్చిన కథ చెప్పుడు. వాడు ఎందుకని అడిగినపుడెల్ల, నియమమని చెప్పి ఊరకుండక, ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పుడు. ప్రశ్న అడుగు అలవాటు నిలిచినచో ఎత్తు వెదకు అలవాటు దాని వెంట వచ్చును.